హమీద్ భాయ్ మామిడాకు

అబ్దుల్ హమీద్ చాయ్ ఎప్పుడూ సగం గ్లాసే తాగేవాడు. "షుగర్ ఉన్నది, డాక్టర్ వద్దన్నడు" అని హోటల్ ఎల్లస్వామికి చెప్పేవాడు. షుగరూ లేదు, డాక్టరూ లేడు. నిండు గ్లాసు పడితే ఒలికిపోతుంది, కుడిచెయ్యి వణుకుతోందని నలుగురికీ తెలిసిపోతుంది. అదీ అసలు సంగతి.

దేవరకొండలో ముప్ఫై ఏళ్లు బోర్డులు రాసిన చెయ్యి అది. కిరాణా దుకాణం నుంచి సినిమా హాలు దాకా ఆ చేతిరాత లేని వీధి లేదు. అలాంటి చెయ్యి యాభై రెండో ఏట మోసం చేసింది. అప్పటికి హమీద్ లింగస్వామి ప్రెస్సులో పెళ్లిపత్రికలకు బొమ్మలు గీసే పనిలో ఉన్నాడు. సంగతి బయటపడితే పనిలోంచి తీసేస్తారు. భార్య సకీనాకు కూడా చెప్పకుండా ఏడాదిగా ఆ భయాన్ని మింగుతున్నాడు. భయం కడుపులో ఉంటే అన్నం ఎక్కడ దిగుతుంది? మనిషి సగమయ్యాడు.

1998 దసరా ముందర లింగస్వామి ప్రెస్సుకు కంప్యూటర్ తెచ్చాడు.

"హమీద్ భాయ్, గీ ఫోటోషాప్‌ల మనకు కావాల్సిన బ్రష్ మనమే చేసుకోవచ్చంట. నువ్వు మామిడాకు ఒక్కటి గియ్యి. దాన్నే బ్రష్ చేస్తే, మౌస్ నొక్కినకాడల్లా ఆకు పడ్తది. బంతిపువ్వు, దీపం, నెలవంక, అన్ని పండుగలకు చేసి పెట్టు."

ఒక్కసారి గీస్తే చాలన్న మాట హమీద్‌కు ప్రాణం పోసింది. పత్రికల బొమ్మలు గీసినట్టే ఇంట్లో తలుపు వేసుకుని, మణికట్టును ఎడమచేత్తో అదిమిపట్టి, తెల్లకాగితం మీద నల్లసిరాతో ఆకు గీశాడు. ప్రెస్సులో దాన్ని స్కాన్ చేసి బ్రష్‌గా మార్చి, బతుకమ్మ శుభాకాంక్షల కార్డు పైఅంచున వరసగా నొక్కుతూ పోయాడు. అచ్చు తీసి చూసుకుంటే గుండె జారిపోయింది.

ఆకు కొన దగ్గర చిన్న వంకర. చేత్తో తోరణం గీస్తే ఒక ఆకు ఒకలా, ఇంకో ఆకు ఇంకోలా ఉండి కలిసిపోయేది. ఇక్కడ నలభై ఆకుల్లోనూ అదే చోట అదే వంకర. ఒక్కసారి వణికిన పాపానికి నలభైసార్లు వణికి చూపిస్తోంది దిక్కుమాలిన యంత్రం! ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, కాగితాన్ని నలిపి చెత్తబుట్టలో పడేశాడు.

తరువాత నాలుగు రోజులు ఆ ఆకును తెరనిండా పెద్దది చేసుకుని కూర్చున్నాడు. అంత పెద్దగా చూస్తే గీతంతా ఇటుకలు పేర్చినట్టు చుక్కలే. అక్కర్లేని చుక్క చెరిపి, కావలసినచోట చుక్క పెట్టి దిద్దాడు. లింగస్వామి చెప్పుల చప్పుడు వినపడితే చాలు, చెయ్యి ఒళ్లోకి లాక్కునేవాడు. ఐదోరోజుకు ఆకు కొన తీరుగా వచ్చింది.

కార్డు చూసి ఊరంతా మెచ్చుకుంది. అదే కొంప ముంచింది. బతుకమ్మ కమిటీ పెద్ద ఐలేశం తెల్లబట్ట చంకలో పెట్టుకుని ప్రెస్సుకు వచ్చాడు.

"భాయ్, గివే ఆకులు గీ బట్ట మీద నీ చేత్తోని గియ్యాలె. మిషిన్ల గింత పెద్ద బట్ట పట్టదంట గద. జర ఇప్పుడే మొదలువెట్టు, చూసి పోత."

ప్రెస్సులో అందరూ చుట్టూ చేరారు. కుంచె పట్టుకున్న హమీద్‌కు పారిపోవాలనిపించింది. తప్పించుకునే దారి లేక గీశాడు. ఆకుపచ్చ రంగులో, కొన దగ్గర, అదే వంకర.

లింగస్వామి లేచి, తన టేబుల్ సొరుగులోంచి నలిగిన కాగితం తీసి బట్ట పక్కన పరిచాడు. నలభై వంకర ఆకులు.

"చెత్తబుట్టల దొరికింది. నాకు గప్పుడే ఎరుకైంది భాయ్. నువ్వే చెప్తవని ఎదురుచూసిన."

"చెప్తే పని పోతదని భయమైంది సేటూ," అన్నాడు హమీద్.

"నాలుగు రోజులు చుక్క చుక్క దిద్దినోన్ని ఎవడు తీసేస్తడు? గీ బట్ట వేరేటోళ్లు రాస్తరు. నువ్వు కంప్యూటర్‌ను ఇడ్వకు."

పని మిగిలింది. కుంచె మాత్రం మిగల్లేదు. హమీద్ దాన్ని కిరసనాయిలులో కడిగి, గుడ్డలో చుట్టాడు. ఇక మళ్లీ తీసేది లేదని తెలిసి ఏడుపొచ్చింది.

ఎల్లస్వామి ప్రెస్సుకు చాయ్ తెచ్చి, అలవాటుగా సగం పోసి ఆపాడు.

"నిండ పొయ్యి," అన్నాడు హమీద్.

అందరి ముందూ కుడిచేత్తో గ్లాసు ఎత్తాడు. సగం చొక్కా మీద ఒలికింది. మిగిలింది తాగాడు.