గేటు దాటని గంజి

మా మేనత్త మొన్న పొద్దున్న మలేసియాలోని తెలుక్ ఇంటాన్‌లో, మా ఇంట్లోనే పోయింది. ఆమె వ్యాసాలు చదివి చదువుకున్న డాక్టర్లకు కబురు చేరేసరికి సాయంత్రమైంది. ఫోన్ చేసినవాళ్ళంతా గొప్ప పరిశోధకురాలన్నారు. నిజమే. ఆ గొప్పతనం చివరి రోజుల్లో ఆమెకే పనికిరాలేదని వాళ్ళకేం చెప్పను?

బ్రిటిష్‌వాళ్ళు ఇక్కడి కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో మా తాతయ్య ఇక్కడికి దగ్గర్లోనే ఒక రబ్బరు ఎస్టేటులో గుమాస్తా. అడవిలోని గెరిల్లాలకు తిండి అందకూడదని ఎస్టేటు ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దాటే వాళ్ళందరినీ చేతులెత్తించి వెతికేవారు. పిడికెడు అన్నం కూడా బయటికి పోనిచ్చేవారు కాదు. అప్పుడే అత్త తమ్ముడికి, అంటే నేను ఎన్నడూ చూడని మా బాబాయికి, టైఫాయిడ్ వచ్చింది. అంటురోగాల షెడ్డు కంచెకు అవతల ఉంది. అక్కడ పెట్టింది మింగలేక పిల్లాడు ఇంటి గంజి కోసం ఏడ్చేవాడట.

నానమ్మ గంజి కాచి, గుడ్డలో వడకట్టి, తేట మాత్రం కేరియర్‌లో పోసి అత్తకిచ్చి పంపింది. మెతుకు లేదు కనక అది అన్నం కాదని మా వాళ్ళ ధీమా. కాపలావాడికి మాత్రం గంజి అయినా బియ్యమే. మూత తీసి చూసి, అక్కడే నేల మీద వంపేశాడు. మర్నాడు ఇంకా పలచన చేసి పంపారు. అదీ వంపేశాడు. పిల్లాడు ఆ షెడ్డులోనే కన్నుమూశాడు.

మెర్డేకా నాడు, అంటే దేశానికి స్వతంత్రం వచ్చిన రోజు, ఎస్టేటంతా జెండాలు పట్టుకుని లారీలెక్కి టౌనుకు వెళ్తే, అత్త గడప దిగలేదట. "సొతంత్రం వచ్చినాది, మంచిదే. ఆ గేటు దాటుకుని పోయి నేనేటి సంబరం సేసుకుంటాను?" అన్నదని మా నాన్న చెప్పేవాడు.

ఆ తర్వాత పట్టుబట్టి చదివింది. అంటురోగాల వార్డుల మీద రాసిన తొలి వ్యాసాల్లో ఆమె అడిగింది ఒక్కటే: జబ్బు బయటికి పోకుండా ఆపండి సరే, ఇంటి మనిషిని, ఇంటి ముద్దను లోపలికి రానివ్వడానికి దారేది? వయసు మళ్ళాక మతిమరుపు జబ్బు వైపు తిరిగింది. అచ్చుకు పోయే కాగితాలు దిద్దుకుంటూ టీ చల్లార్చేసుకునేది. "ఇంత ఇంగ్లీసు రాసినాను, మీ నానమ్మకి ఒక్క ముక్క సదివి ఇనిపించలేకపోయినాను," అని నవ్వేది. నాకు మాత్రం, ఇక్కడి మలయ్ వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి, ఒకే మాట చెప్పేది. "మతి పోయినోళ్ళని సరిదిద్దకు లా. ఆళ్ళు ఏ కాలంలో ఉంటే నువ్వే ఆడకెళ్ళు. తోడు దొరికితే బయం తగ్గుతాది."

ఆ జబ్బే ఆమెకు వచ్చింది. వచ్చి, ఆమెను తిన్నగా ఆ గేటు దగ్గరికే తీసుకుపోయి నిలబెట్టింది. రోజూ గంజి కాయించుకునేది, వడకట్టించుకునేది. కేరియర్ పట్టుకుని మా ఇంటి ఇనుప గేటు ముందు చేతులెత్తి నిలబడేది.

నేను ఆమె చెప్పినట్టే చేశాను. కాపలావాడినైపోయాను. "బోలే, పెర్గిలా," అని మలయ్‌లో వెళ్ళమన్నాను. గేటు బార్లా తీశాను.

అత్త కదల్లేదు. నా మొహంలోకి చూసింది.

"నువ్వు ఆ గేటోడివి కాదు. ఆడు తియ్యడు."

"తీశానత్తా, చూడు. వెళ్ళు. తమ్ముడు ఎదురుచూస్తున్నాడు."

"తమ్ముడు సచ్చిపోనాడు కదే. గంజి అందలేదు." అంటూనే కేరియర్ మూత తీసి, తనే నేల మీద వంపేసింది. మర్నాడు మళ్ళీ బతికున్న తమ్ముడి కోసం గంజి కాయమంది.

ఆమె వ్యాసాలన్నీ తిరగేశాను. మనిషి వెనక్కి వెళ్ళిన కాలం అంత పాడుదైతే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. తోడుగా వెళ్ళాను, భయం తగ్గలేదు. ఇద్దరం కలిసి గేటు ముందు నిలబడ్డాం, అంతే.

మొన్న ఆమెను శ్మశానానికి తీసుకెళ్ళే ముందు మా ఆచారం ప్రకారం అందరం ఆమె నోట్లో బియ్యం వేశాం. జనం కోసం గేటు రెండు రెక్కలూ తీసే ఉన్నాయి. నోటి నిండా బియ్యంతో అత్త గేటు దాటిపోయింది. ఎవరూ ఆపలేదు. అవతల తినాల్సిన పిల్లాడే లేడు. ఇంటికి తిరిగొచ్చేసరికి, గేటు పక్కన తెల్లగా ఎండిన గంజి మరక చుట్టూ, రోజూ ఆమె వంపేసింది తాగే మైనాలు చేరి, గంజి వేళ దాటిందని అరుస్తున్నాయి.