పిల్లలు చేయగలిగిన వంటలు

1964 ఎండాకాలంలో నా భార్యను నిజామాబాద్ దవాఖానలో క్షయ వార్డులో చేర్చాను. అప్పుడు మేము బోధన్‌లో ఉండేవాళ్లం. పెద్దపిల్లకు పదకొండేళ్లు, చిన్నదానికి ఎనిమిది. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాంటా దగ్గర తూకాలు రాయడం నా పని. క్రషింగ్ నడిచే నెలల్లోనే ఆ పని ఉండేది, ఎండాకాలం ఖాళీ. పిల్లలకు సెలవులూ అప్పుడే.

జక్రాన్‌పల్లి నుంచి మా అక్క వచ్చింది. పసుపు పండించే ఇల్లు ఆమెది. పూటకు పది మంది తింటారు.

"పిల్లలను నా ఎంబడి తోలు తమ్మీ. రేపు నువ్వు డ్యూటీకి పోతే వీళ్లకెవలు వండి పెడ్తరు? నీ ఎక్కాలు పెడ్తయా?" అంది.

వార్డులోకి వెళ్తూ నా భార్య నన్ను అడిగింది ఒక్కటే. తను వచ్చేదాకా పిల్లలు ఇల్లు విడిచి పోకూడదని. ఆ మాట అక్కకు చెప్పాను. బడి తెరిచేలోపు ఇద్దరికీ వంట నేర్పుతానన్నాను. నేను చెయ్యి పెట్టకుండా వాళ్లే ఒక పూట వండితే ఇక్కడే ఉంటారన్నాను.

"వండకుంటే?"

"తీస్కపో."

నాకు వచ్చిన వంట కొంచెమే. అందుకని వంటలను రుచిని బట్టి కాకుండా, చెయ్యి మంట దగ్గరికి ఎన్నిసార్లు పోవాలో దాన్ని బట్టి వరసలో పెట్టుకున్నాను. పచ్చిపులుసుకు ఒక్కసారి కూడా అక్కర్లేదు. నిమ్మకాయంత చింతపండు, మూడు గ్లాసుల నీళ్లు, ఒక ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు, అన్నీ చేత్తో పిసకడమే. అటుకులు రెండుసార్లు కడిగి పెరుగు కలిపితే అదీ అయిపోయినట్టే. బెల్లం, వేయించిన పల్లీలు దంచి ముద్దలు చేస్తే మంట దగ్గరికి రెండుసార్లు. మక్కల రవ్వ ఉడికించే గట్కకు ఒకటికి నాలుగు నీళ్లు, మంట దగ్గరికి మూడుసార్లు.

"ఉప్పు ఎంత బాపు?" అని చిన్నది అడిగేది.

"మూడు వేళ్లకు వచ్చినంత."

"నీ మూడు వేళ్లకా, నా మూడు వేళ్లకా?"

"నీయే" అనేవాణ్ని. వంటలో ఉప్పు తక్కువయ్యేది. పెద్దది మాట్లాడకుండా ఇంకాస్త వేసేది.

ఆదివారాలు నేను దవాఖానకు పోయేవాణ్ని. పిల్లలను వార్డులోకి రానిచ్చేవాళ్లు కాదు. ఆ వారం వాళ్లు ఏమేం వండారో నా భార్య అడిగి చెప్పించుకునేది. ఆమె మొహంలో కొంచెం వెలుగు కనబడేది ఆ కాసేపే.

చివరికి సర్వపిండి నేర్పాను. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లిగడ్డ, కారం కలిపి, గుండు గిన్నె లోపలి గోడకు చేత్తో ఒత్తాలి. వేలితో చిల్లులు చేసి నూనె చుక్కలు వేయాలి. మూత పెట్టి సన్న సెగ మీద ఉంచాలి. ఒత్తేటప్పుడు గిన్నె చల్లగా ఉండాలి. రెండోది ఒత్తాలంటే గిన్నె చల్లారాలి. మాకున్నది ఒక్క గిన్నె. నేను ముందు ఒక్కణ్నే చేసి చూసుకున్నాను. దించాక మూడు వందలు లెక్కపెడితే చెయ్యి పెట్టవచ్చు. పిల్లలకు అదే చెప్పాను.

బడి తెరవడానికి వారం ముందు, సోమవారం అక్క వచ్చింది. నేను గడపలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. పెద్దది అన్నం వండింది, పచ్చిపులుసు చేసింది. సర్వపిండి నేనే చేస్తానని చిన్నది పట్టుబట్టింది. మొదటిది బాగా వచ్చింది. అక్క విరిచి నోట్లో వేసుకుంది.

"కరకర మంచిగనే ఉన్నదే పిల్లా. మీ బాపు చేస్తే మేకు కొట్టినా దిగకపోవు."

చిన్నది నవ్వి, లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మేనత్త చూస్తోందని దాని గొంతులో ఊపు వచ్చింది. నూటయాభై దాటాక అంకెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నాకు వినబడుతూనే ఉంది. చెయ్యి పెట్టనన్నవాణ్ని, మాట కూడా పెట్టకూడదనుకున్నాను. మూడు వందలు అనగానే అది పిండి ముద్ద గిన్నెలో పెట్టి అరచేత్తో ఒత్తింది. పిండి దాటి చెయ్యి గిన్నెకు తగిలింది.

అక్క దాని చేతిని నీళ్ల బిందెలో ముంచింది. అరచెయ్యంతా తెల్లగా అయిపోయింది. అది ఏడవకుండా నా మొహం చూసింది.

"మూడు వందలు అయినయి బాపు. ఒక్కటి సుత మింగలే."

"నీళ్లు సల్లి సూడాలె, సుయ్‌మంటే ఆగాలె అని చెప్పలేదా?" అని అక్క నన్ను అడిగింది.

"లెక్క చెప్పిన" అన్నాను.

నా భార్య కూడా అట్లా నీళ్లు చల్లే చూసేదట. పెద్దది తర్వాత చెప్పింది. గిన్నె సంగతి అమ్మను అడిగి రమ్మని అది నాతో ఒకసారి అంది కూడా. అంకె ఉండగా అడగడం ఎందుకని నేనే అనుకున్నాను.

మర్నాడు మంగళవారం బస్టాండులో పెద్దది నా చెయ్యి వదల్లేదు.

"నేనుంట బాపు. నాకు కాలలేదు గద."

"దానికి తల దువ్వాలె, తినిపియ్యాలె. ఇద్దరూ ఒక్క కాడనే ఉండున్రి" అన్నాను. బస్సు ఎక్కించాను.

ఆ ఆదివారం నా భార్య ఎప్పటిలాగే అడిగింది. సర్వపిండి చేశారని చెప్పాను. ఎట్లా వచ్చిందంటే మంచిగనే వచ్చిందన్నాను. తర్వాతి ఆదివారం గట్క అన్నాను. ఆ పైన పల్లీ ముద్దలు, అటుకులు, మళ్లీ పచ్చిపులుసు. ఆరో ఆదివారానికి చెప్పడానికి వంటలు మిగల్లేదు. గారెలు అన్నాను.

"గారెలా? పప్పు ఎవలు రుబ్బిండ్రు?"

"పెద్దది."

"గా పొత్రం దానితోని తిరగదు." నా వైపు తిరిగింది. "ఎవలింట్ల ఉన్నరు?"

"అక్క ఇంట్ల."

"ఎన్ని దినాలాయె?"

"నలభై."

చెయ్యి కాలిన సంగతి అప్పుడు కూడా చెప్పలేదు. ఆమె దుప్పటి మెడదాకా లాక్కుంది.

"ఇగ వంటలు చెప్పకు" అంది.

ఆ తర్వాతి ఆదివారాల్లో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మంచం పక్కన బల్ల మీద కూర్చుని గంట కొట్టాక లేచి వచ్చేవాణ్ని. దసరా దాకా ఆమె ఉంది. పిల్లలు జక్రాన్‌పల్లి నుంచే వచ్చారు. పదకొండో రోజు అయ్యాక మళ్లీ అక్కడికే పోయారు.