ఎర్రపోగు కట్టిన దారి

మంగళవారం తెల్లవారేసరికి ముసురు పట్టింది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను కానీ పని సాగలేదు. చెమ్మకు జకార్డు అట్టలు మెత్తబడ్డాయి. అంచులో నెమలి మెడ వంకరపోతోంది. నేసింది కాస్త విప్పి, ఇక నా వల్ల కాదని జకార్డు బాగుచేసే మేస్త్రీకి ఫోన్ చేశాను. ఆయన కోడలు ఎత్తింది.

"మామ లేడన్నా. తెల్లారి కాఫీ పెట్టి లేపితే లేయలేదు," అంది.

మగ్గం మీద గుడ్డ కప్పి సైకిల్ తీశాను. వాన పడుతున్నా ఆయన ఇంటికి సైకిల్ మీదే పోవాలనిపించింది.

హిందూపురంలో మా వీధికంతా ఆయన జకార్డు మేస్త్రీ. చీరలో పువ్వునూ నెమలినీ తేల్చేది మగ్గం మీదుండే జకార్డు యంత్రం. అది మొరాయిస్తే ఆయన రావాలి. పరిగి పక్క పల్లెలు, పెనుకొండ చుట్టుపక్కల, ధర్మవరం దాకా ఎక్కడ మగ్గం ఉంటే అక్కడికి సైకిల్ మీదే పోయేవాడు. క్యారియర్ మీద పనిముట్ల సంచి, హ్యాండిల్‌కు తెగిన పట్టుపోగుల కట్ట. డెబ్బై దాటినా అంతే. బండి కొనుక్కోమంటే, "దానికి పెట్రోలు పోయాల. నాకు రెండు ముద్దల సంగటి సాలు," అనేవాడు.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ధర్మవరంలో వాళ్లవ్వ ఇంటికి సైకిల్ మీద పోవాలని దాని పట్టుదల. మా ఇంటిది ఒప్పుకోలేదు. ఆమె తమ్ముణ్ని హైవే మీద లారీ కొట్టింది. ఇప్పటికీ కుంటుతాడు.

"హైవే ఎక్కేటట్టయితే గడప దాటేది లేదు," అంది మా ఇంటిది. "హైవే తగలకుండా ధర్మవరం పోయే దారి చూపించండి, నేనే బువ్వ కట్టిచ్చి పంపిస్తా."

అట్లాంటి దారి లేదని ఆమె ధైర్యం. ఆ రోజు మేస్త్రీ మా జకార్డులో తల దూర్చి పని చేస్తున్నాడు. తల బయటికి తీయకుండానే అన్నాడు: "ఉండాదమ్మా దారి. తునకలు తునకలుగా ఉండాది. అతకాల, అంతే."

నేతపని వాళ్లకు అతకడం కొత్త కాదు. మగ్గం మీది నిలువు పోగులు, అంటే పాత పడుగు, అయిపోవచ్చినప్పుడు దాన్ని పూర్తిగా తీసెయ్యం. దాని కొసలకు కొత్త పడుగు కొసలు ఒక్కొక్క పోగూ కలుపుతాం. ముడి వెయ్యం. వేలికి బూడిద అద్దుకుని మెలిపెడతాం. ముడి అయితే పోగులు దూరే అచ్చులో తట్టుకుంటుంది, మెలి అయితే జారిపోతుంది. మేస్త్రీ దారులకూ అదే పని పెట్టాడు. పల్లె పల్లెకూ మధ్య బండిబాటలు ఆయనకు తెలుసు. ఏది దేనికి కలుస్తుందో ఆదివారం ఆదివారం వెతికాం. ఆయన, నేను, అమ్మాయి.

ఆ ఆదివారాలు ఎట్లా ఉండేవో చెప్పాలి. పరిగి దాటి తారురోడ్డు వదిలితే ఇక హారన్ వినబడేది కాదు. రెండు పక్కలా మల్బరీ తోటలు, ఎర్రనేలలో వేరుశెనగ చేలు, ఏనుగులు పడుకున్నట్టు రాతి గుండ్లు. చెరువుకట్ట ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు చొక్కా ఉబ్బేంత గాలి. అమ్మాయి హ్యాండిల్ వదిలి చేతులు చాపేది. నేను అరిచేవాణ్ని. మేస్త్రీ గంట కొట్టి, "నీకు సేతగాక దాన్నెందుకప్పా అరుస్తాండావు," అని నన్ను దాటిపోయేవాడు. ఏదో మలుపులో పెనుకొండ కొండ ఒక్కసారిగా ఎదురుగా లేచేది. ఎన్నిసార్లు చూసినా ముగ్గురమూ బ్రేకు వేసేవాళ్లం.

మొదటిసారి హైవే తగలకుండా పెనుకొండ కుంభకర్ణుడి పార్కు చేరిన రోజు అమ్మాయి గేటు దగ్గర సైకిల్ పడేసి గంతులేసింది. ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. పడుకున్న కుంభకర్ణుడి విగ్రహాన్ని మేస్త్రీ తల నుంచి కాళ్ల దాకా చూసి, "ఈయప్పను లేపడానికి అంతమంది ఎందుకు? మన వీధిలో పడుకోబెడితే సాలు, మగ్గాల సప్పుడుకు తెల్లారేలోపల లేస్తాడు," అన్నాడు. పక్కనున్న వాళ్లు కూడా నవ్వారు.

దారి గుర్తుకు ఆయన చీలిక దగ్గర చెట్టుకు ఎర్ర పట్టుపోగు కట్టేవాడు. కుడి చెట్టుకు కడితే కుడికి, ఎడమ చెట్టుకు కడితే ఎడమకు. ఫోన్లో మ్యాపు ఉంది కదా అంటే, "దానికి హైవే అంటేనే ప్రేమ," అనేవాడు. అది నిజమే.

ఒక చీలిక దగ్గర రెండు గానుగ చెట్లున్నాయి. కుడి చెట్టుకు పోగు కట్టి వచ్చాం. రెండు వారాలకు మళ్లీ పోయినప్పుడు నేనూ అమ్మాయీ ముందున్నాం. చూస్తే రెండు చెట్లకూ ఎర్రపోగులే. ఎడమ చెట్టుకు ఇంకా ఎక్కువ. దాని మొదలు దగ్గర పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్ప. ఎక్కువున్న వైపే దారి అనుకుని ఎడమకు తిరిగాం. కొంతదూరం పోయేసరికి లారీల మోత. ఎదురుగా హైవే. అమ్మాయి ముఖం చిన్నబోయింది. సైకిల్ వెనక్కి తిప్పింది.

వెనక్కి వస్తే మేస్త్రీ గానుగ చెట్టు కింద తాపీగా కూర్చుని ఒక పెద్దామెతో మాట్లాడుతున్నాడు.

"ఏమప్పా, ఈ గానుగమ్మకు మొదటి పోగు కట్టింది నువ్వేనంటనే?" అంటోంది ఆమె. "మా మనవడికి జరం తగ్గితే నేనూ కట్టినా. ఊర్లో అందరూ రెండు చెట్లకూ కడతాండారు. నువ్వేం మొక్కుకున్నావు?"

"దారి తప్పకుండా సూడు తల్లీ అని మొక్కుకున్నానక్కా," అన్నాడు మేస్త్రీ.

ఆమె పోయేదాకా మేము నవ్వు ఆపుకున్నాం. ఆమె మలుపు తిరిగాక ఆయన కుడి చెట్టు దగ్గరికి మమ్మల్ని పిలిచి తన పోగు చూపించాడు. "రంగు సూడొద్దండి. వాళ్లది ముడి. మనది మెలి." ఆయన పోగుకు ముడి లేదు. కొసలు రెండూ బూడిదతో కలిసిపోయి ఉన్నాయి. అమ్మాయి దాన్ని వేళ్లతో తడిమి చూసింది.

పెనుకొండ దాటాక ఒక్క అతుకే మిగిలింది. ధర్మవరం హైవేకు అవతల ఉంది. ఎక్కకుండా దాటాలి. మూడు ఆదివారాలు తిరిగాం. మూడోసారి మేస్త్రీ ఒక గొర్రెల కాపరిని ఆపి, మందను అవతలికి ఎట్లా తోలుతావని అడిగాడు.

"మోరీలో తోల్తా. ఇంకేం, లారీల కింద తోల్తానా?" అన్నాడు ఆ మనిషి.

హైవే కింద వాననీళ్లు పోయే మోరీ. మనిషి వంగకుండా నడవొచ్చు. కానీ ఆ రోజు మోకాలి పైకి నీళ్లున్నాయి. అవతల ఏముందో కనబడలేదు. అమ్మాయి దిగుతానంది. మేస్త్రీ ఆమె సైకిల్ పట్టుకున్నాడు. "నీళ్లు తగ్గనీమ్మా. ఆ పక్క బాట ఉండాదో ల్యాదో తెలీకుండా నిన్ను దించితే మీయమ్మకు నేనేం జవాబు చెప్పాల? నీకు దారి కుదిర్చే పూచీ నాది."

అది ఆయనతో మా చివరి ఆదివారం. తర్వాతి ఆదివారం చీర పని తెమలక మేము బయలుదేరలేదు.

మంగళవారం ఆయన ఇంట్లో సైకిల్ గోడకు ఆనించి ఉంది. మడ్‌గార్డుల నిండా బురద. కోడలు కళ్లు తుడుచుకుంటూ గొణిగింది: "శనివారం పెనుకొండలో మగ్గం పని అని పోయి, మోకాళ్ల దాకా తడుపుకోనొచ్చినాడన్నా. ఈ వయసులో యాడ దిగినావు మామా అంటే నవ్వినాడు. నీకేమన్నా చెప్పినాడా?"

నాకేమీ చెప్పలేదన్నాను.

మా మగ్గం జకార్డు ధర్మవరం నుంచి వేరే మనిషి వచ్చి బాగుచేశాడు. నెమలి మెడ సరిగ్గా వచ్చింది. మేస్త్రీ ఇచ్చిన మాట మాత్రం అట్లాగే ఉండిపోయిందని అమ్మాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. పదకొండో దినం అయిపోయింది. వానలు తెరిపిచ్చాయి. శనివారం సాయంత్రం మా ఇంటిది ఎవరూ అడగకముందే చింతచిగురు పొడి, చపాతీలు డబ్బాలో సర్దింది. "మోరీ దాకా పొండి. ఆ పక్క బాట లేకపోతే తిరిగి రండి. రోడ్డెక్కొద్దు," అంది.

ఆదివారం పొద్దున అయిదున్నరకు బయలుదేరాం. గానుగ చెట్ల దగ్గర కుడికి తిరిగాం. పార్కు దగ్గర ఆగి నీళ్లు తాగాం. మోరీలో చీలమండ దాకానే నీళ్లున్నాయి. తల మీద లారీలు పోతుంటే గోడలు అదిరాయి. అమ్మాయి సైకిల్ నెట్టుకుంటూ ముందు పోయింది.

"నాయనా, ఈడ బాట ఉండాది!" అని అవతల నుంచి కేక వినబడింది. వెంటనే, "ఈడ తంగేడుకు ఎర్రపోగు కట్టిండారు!"

"ఎవరన్నా మొక్కుకుని కట్టినారేమో. ముడి చూడు," అన్నాను చీకట్లో నుంచే.

కొమ్మ వంచిన చప్పుడైంది.

"ముడి లేదు నాయనా."

నేను బయటికి వచ్చేసరికి అమ్మాయి ఆ కొమ్మ పట్టుకుని నిలబడి ఉంది. పోగు వానకు కాస్త వెలిసింది. మెలి గట్టిగానే ఉంది. తంగేడు అవతల ఎర్రమట్టి బాట ధర్మవరం వైపు సాగుతోంది.

తొమ్మిదీ నలభైకి అక్కడి నుంచి మా అమ్మాయి బయలుదేరింది. దాని వెనక నేను.