అమ్మ చేతిలో దారికొచ్చిన ఎయిర్ గన్ను

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలపు మధ్యాహ్నం మా అమ్మ వసారాలో చాప పరిచి, నాన్నగారి ఎయిర్ గన్ను ముక్కలు ముక్కలుగా విప్పేసింది. పక్కన కుట్టు మిషను స్క్రూడ్రైవరు, కిరసనాయిలు గిన్నె, మిషను నూనె బుడ్డి. నాకు పదేళ్లు. ఊడిన మరలు పోకుండా కొబ్బరి చిప్పలో వెయ్యడం నా పని.

అరవైల నాటి సంగతి ఇది. ఆగిరిపల్లి దగ్గర మాకు నాలుగెకరాల మామిడి తోట ఉండేది. నాన్నగారు పోయి ఆరు నెలలైంది. ఆ రోజు పొద్దున్నే పెదనాన్న వచ్చాడు, నాన్నగారి అన్నయ్య. మంచివాడే... కానీ మాట పెళుసు.

"ఏంటమ్మాయ్, ఒక్కదానివి తోటేం చూస్తావు? కాయ టెంక కట్టగానే కోతులు కొండ దిగుతాయి. ఎట్లా ఆపుతావు? గుత్తకిచ్చేసి హాయిగా ఇంట్లో కూర్చో."

"టెంక కట్టేదాకా ఆగండి బావగారూ," అంది అమ్మ. అంతే.

గుత్తకి తీసుకున్నవాడు కాయ కోసుకుపోతాడు గానీ చెట్టు బాగోగులు చూడడు. అవి నాన్నగారు తన చేత్తో అంటు కట్టిన చిన్నరసాలు... వాటిని ఇంకొకరి చేతుల్లో పెట్టడం అమ్మకి ఇష్టం లేదు.

కోతిని కొట్టడమంటే మా ఇంట్లో మహాపాపం. తాడు లాగి మోగించే డబ్బాలకేమో అవి ఎప్పుడో అలవాటు పడిపోయాయి... వచ్చీ రాగానే ముందు తాడే కొరికేసేవి! అందుకని అమ్మ వేరే దారి ఆలోచించింది. లాగే తాడు లేకుండా దూరపు చెట్లకి ఖాళీ నూనె డబ్బాలు వేలాడగట్టి, మంచె మీంచి గన్నుతో డబ్బాని కొట్టాలి. ఎక్కణ్ణుంచి మోగిందో వాటికి అంతు చిక్కదు.

ఆలోచన బాగానే ఉంది. గన్నే బాగా లేదు. ఎదురుగా గుమ్మడికాయ పెట్టినా తప్పేది.

అమ్మకి కుట్టు మిషను బాగుచేసుకోవడం తప్ప ఏ మిషను సంగతీ తెలియదు. అయినా ఒక్కొక్కటే పట్టుకుంది. గొట్టం మడిచే చోట మర వదులై గొట్టం ఊగుతోంది... బిగించింది. గొడుగు ఊచకి గుడ్డ చుట్టి గొట్టంలో దూర్చి లాగితే కాటుకలాంటి మురికి వచ్చింది. లోపల గాలిని తోసే తోలు బిళ్ల ఎండిన అప్పడంలా పగిలిపోయి ఉంది.

నాన్నగారి పాత బెల్టు తెచ్చి కాసేపు ఒళ్లో పెట్టుకు కూర్చుంది. తర్వాత కత్తి తీసుకుని గుండ్రంగా బిళ్ల కోసింది. రెండు రోజులు నూనెలో నానబెట్టి బిగించింది.

మొదటి గుండుకే ఢామ్మని మోత... గొట్టం నిండా పొగ! గొడ్ల సావిట్లో ఎద్దు పలుపు తెంపుకున్నంత పని చేసింది. నేను గుంజ వెనక దాక్కున్నాను.

"నూనె ఎక్కువై లోపలే అంటుకుంది," అని అమ్మ మళ్లీ చాప పరిచింది.

రెండో బిళ్ల మరీ బిగుతైంది. మూడోది కోసేటప్పుడు వేలు తెగింది. పసుపు అద్ది, గుడ్డ కట్టుకుని ఆ బిళ్లే పూర్తి చేసింది. వంకర పోయిన గుండ్లన్నీ ఏరి పక్కన పడేసింది. ఇసక మూట మీద గన్ను ఆనించి, ఎదురు గోడకి బొగ్గు చుక్క పెట్టిన పేపరు అంటించి, ఐదు గుండ్లు కాల్చింది.

నేను పరుగెత్తుకెళ్లి చూశాను. ఐదూ చుక్కకి జానెడు ఎడమకి పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. "ఒక్కటీ తగల్లేదమ్మా!"

"పిచ్చిదానా, సరిగ్గా చూడు. ఐదూ ఒక్కచోటే పడ్డాయా లేదా?" నాన్నగారు పోయాక అమ్మ నవ్వగా చూడటం అదే మొదటిసారి. "ఇంకేం, ఇది మన దారికొచ్చినట్టే!"

గన్ను మీద వెనక వైపు గురి చూసుకునే రేకుని వెంట్రుకవాసి కుడికి తట్టడం, కాల్చడం, మళ్లీ తట్టడం... పొద్దు వాలేసరికి బొగ్గు చుక్క ఉన్నచోట చిల్లు మిగిలింది.

కాయ టెంక కట్టింది. అన్నట్టుగానే ఒక మధ్యాహ్నం కోతుల దండు దిగింది. కబురు తెలిసి పెదనాన్న కర్ర పుచ్చుకుని వచ్చాడు. అప్పటికే అమ్మ కొంగు బిగించి మంచె మీద ఉంది.

మొదటి గుండు ఆకుల్లోకి పోయింది. పెదనాన్న నిట్టూర్చాడు. అమ్మ అటు తిరగనైనా లేదు. గాలి ఆగేదాకా ఆగి, రెండోది కాల్చింది.

ఠంగ్!

చెట్టు చెట్టంతా ఊగింది. పిల్లల్ని పొట్టకి కరుచుకుని కోతులు కొండ దారి పట్టాయి. రెండు రోజులకి మళ్లీ వచ్చాయి, మళ్లీ మోగింది. ఓ చెట్టు కాయ పోయింది గానీ తోట దక్కింది.

ఆ మొదటి రోజు పెదనాన్న గన్ను చేతిలోకి తీసుకుని, తనూ ఒక గుండు కాల్చి చూశాడు. డబ్బా మోగింది. గన్నుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తమ్ముడికి గురి లేదని ఊరంతా నవ్వాం... నేనూ నవ్వాను. తప్పు గన్నుదా అమ్మాయ్?"

"ఆయన చెబుతూనే ఉన్నారండీ... మనమే నమ్మలేదు," అంది అమ్మ.

పెదనాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. గుత్త మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మిక్సీ మూలిగినా, ఫ్యాను చప్పుడు చేసినా కొత్తది కొనేస్తున్నాం. విప్పి చూసే ఓపిక ఎవరికుంది... నాకే లేదు. మీ ఇంట్లో అలా పట్టు వదలకుండా కూర్చుని ఏదైనా బాగుచేసిన అమ్మో, అమ్మమ్మో, అత్తో ఉన్నారా? ఉంటే కింద రాయండి... వాళ్ల గురించి చదవాలనుంది.