కొండకసింద చారు

జ్వరం తగ్గినా మా అత్తకు నోటికి రుచి తెలియకుండా పోయింది. నేనేం వండినా వంక పెట్టకుండా తినేది. నాకు దానికే భయమేసింది. ఈ రోజు మా ఆయన పెనుకొండ కొండ మీద నుంచి కొండకసింద అనే అడవి కాయలు తెచ్చాడు. మిరియం ఘాటు, నిమ్మతొక్క వాసన. దంచి చారులో వేశాను.

రెండో ముద్దకు అత్త చెయ్యి ఆగింది.

“ఏమేసినావే దీంట్లో? నాలుక చురుక్కుమంటాండాది.”

“కొండకసింద కాయలత్తా. బాగుండాదా?”

“ఏం బాగు? ఉప్పే లేదు. చారు చేసేది ఎప్పుడు నేర్చుకుంటావో ఏమో.”

ఉప్పు డబ్బా కోసం వంటింట్లోకి వెళ్లి, కాసేపు అక్కడే నవ్వుకుంటూ నిలబడ్డాను. అత్త తిడితే ఇంత సంతోషపడతానని పెళ్లయిన కొత్తలో ఎవరైనా చెప్పుంటే నమ్మేదాన్ని కాదు.

మీ ఇంట్లో వంకలు పెట్టేవాళ్లు క్షేమమేనా?