రాజు వలస పోడు

మా ఊరికి ఎమ్మిగనూరు బస్సు తెప్పించింది నేను. వంక మీద కల్వర్టు కట్టించింది నేను. ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివినా, నేను రాసిన అర్జీ ఏదీ వృథాగా పోలేదు. మా వీధి మారుతి కూతురు మల్లేశ్వరిని ఆదోనికి కోచింగుకు పంపిందీ నేనే.

మారుతికి నాలుగెకరాల భూమి ఉంది. అయినా వాన మొహం చాటేసిన ఏడు మొగుడూ పెళ్లాం సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు, పోవాల్సిందే. మా ఊళ్లో భూమి ఉన్నవాళ్లందరి గతీ అంతే. చిన్నప్పుడు మల్లేశ్వరి కూడా బడి మానేసి వాళ్ల వెంట పోయేది. నేనే అడ్డం పడి, మా ఇంట్లో అన్నం పెట్టి చదివించాను. డిగ్రీ అయింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి వయసు దాటిపోతోంది. ఇదే ఆఖరి పరీక్ష.

పరుగులో ఆ పిల్లను మించినవాళ్లు లేరు. చిక్కంతా రీజనింగు దగ్గరే. ప్రశ్నలో ఇచ్చిన మాట నిజమనుకుని, దాన్నుంచి వచ్చే జవాబే పెట్టాలట. ఈ పిల్ల ఒక్కో జవాబునూ ఊరితో పోల్చి చూసేది.

"ఏమ్మా, పరీక్ష రాస్తాండావా, పంచాయితీ చెప్తాండావా?" అని కోచింగు సారు అందర్నీ నవ్వించేవాడు. మెల్లగా ఆ అలవాటు మానుకుంది.

అసలు పరీక్షలో వచ్చింది: "భూమి ఉన్నవారెవరూ కూలికి వలస పోరు. రాజుకు భూమి ఉంది." జవాబులు: రాజు వలస పోడు, రాజు వలస పోతాడు, చెప్పలేము. 'చెప్పలేము' పెట్టి వచ్చింది.

"రూలు తెల్దా నీకు?" అని అరిచాను.

"తెలుసు తాతా. మొదటిదానికే పెన్ను పెట్టబోయినా. నాయన లారీ ఎక్కేది కండ్లల్లో మెదిలింది. సెయ్యి రాలేదు."

పరీక్షయ్యాక వదిలిన జవాబుల కీలో 'వలస పోడు' అనే ఇచ్చారు. అభ్యంతరముంటే రుజువుతో పంపమన్నారు. అర్జీ అంటే నాకు వదిలెయ్యాలి. మారుతి పాసుపుస్తకం జిరాక్సు, మిరప చేలో వాళ్లు దిగిన ఫొటో జత చేశాను.

మల్లేశ్వరి చూసి నవ్వింది. "నువ్వూ నా లెక్కనే రాసినావు గదా తాతా! నీకూ సున్నానే ఏస్తారు."

"ఏసేదానికి వాళ్లెవరు? కల్వర్టు గూడా రాదన్నారు, రాలేదా?"

కీ మారలేదు. ఒక్క మార్కు తక్కువై ఉద్యోగం పోయింది.

ఈ ఏడు సుగ్గి లారీ మా అరుగు ముందే ఆగింది. మారుతి మూటలు ఎక్కించాడు. వెనకాలే మల్లేశ్వరి ఎక్కింది.

"డిగ్రీ సదివి యాడికి పోతాండావు పిల్లా?" అని పక్కింటి భీమమ్మ దెప్పింది.

"భూమి ఉండేటోళ్లు యాడికీ పోరు పెద్దమ్మా. మేం ఈడే ఉండాం," అంటూ లారీలో చతికిలబడింది.

నా వైపు చూడలేదు. నేను కట్టించిన కల్వర్టు మీదుగానే లారీ పోయింది.