మా నాయిన కారు, మా మేనత్త పానా

నా చిన్నప్పుడు మా చుట్టాల్లో అందరికంటే కోపిష్టి మనిషి మా మేనత్త. పటాన్‌చెరులో పంపులు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో ఆమె పని. రెండు ఇనుప భాగాల మధ్య నుంచి నూనె కారకుండా పెట్టే ప్యాకింగులు కత్తిరించేది. సూపర్‌వైజరు నోరు జారితే అందరి ముందే నిలదీసేదని చెప్పుకునేవారు. నాకు ఆమె అంటే హడలు. ఆ భయం ఒక ఆదివారం నాడు పోయింది.

మా నాయిన దగ్గర ఒక పాత తెల్ల కారు ఉండేది. దాన్ని వేరే ఫ్యాక్టరీకి కిరాయికి పెట్టి, సంగారెడ్డి నుంచి ఇంజనీర్లను తెచ్చి దింపేవాడు. మా ఇల్లు గడిచేది ఆ కారు మీదే. ఆ ఎండాకాలం దాని కింద నల్లగా ఇంజన్ ఆయిల్ చుక్కలు పడటం మొదలైంది. మరీ ఎక్కువగా కారేదేం కాదు, పొద్దున లేచి చూస్తే అరచేతంత మరక ఉండేది. మా వాకిట్లో మట్టినేల కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఫ్యాక్టరీ వాళ్లు మాత్రం గుమ్మం ముందు కొత్తగా పాలరాయి పరిచారు.

ఒంటిపూట బడి రోజులు. ఒక శనివారం నాయిన నన్ను బడి దగ్గర ఎక్కించుకుని, ఒక ఇంజనీరును దింపడానికి ఫ్యాక్టరీకి వెళ్లాడు. కారు కాస్త ముందుకు తీయగానే పాలరాయి మీద మరక కనబడింది. మేనేజరు బయటికి వచ్చి, నాయిన భుజం మీది తువ్వాలు చూపించి దానితోనే తుడవమన్నాడు. వాచ్‌మన్, ఇద్దరు గుమాస్తాలు, ముందు సీట్లో నేను చూస్తుండగా మా నాయిన మోకాళ్ల మీద కూర్చుని తుడిచాడు. సోమవారం ఇంకొక్క చుక్క పడితే కారును గేటు దాటనివ్వనని చెప్పి ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లయినా ఆ మనిషి గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

 ఇంటికి రాగానే నాయిన బానెట్ ఎత్తి పానా అందుకున్నాడు. ఇంజన్ పైన మూతలా ఉండే టాపెట్ కవర్ నట్లు, అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ నట్లు, చేతికి అందినవన్నీ బలమంతా పెట్టి బిగించాడు. ఇంజన్ నడిపి చూస్తే మునుపటికంటే ఎక్కువ కారింది. పక్కనే నిలబడ్డ నేను ఊరుకోకుండా, "ఇంకా ఎక్కువైంది నాయినా" అన్నాను. చెంప చెళ్లుమంది. నాయిన నన్ను కొట్టడం అదే మొదటిసారి. నేను చేసిన తప్పేమిటో ఎంత ఆలోచించినా తేలలేదు.

మా అమ్మ కబురు పంపితే ఆదివారం పొద్దున్నే అత్త వచ్చింది. ముందు నా చెంప చూసింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. నాయిన చేతిలోంచి పానా తీసుకుంది. గుడ్డను కిరసనాయిలులో ముంచి ఇంజనంతా తుడిపించింది. అది ఆరాక నా పౌడరు డబ్బా తెమ్మంది. బడికి వెళ్లేటప్పుడు ముఖానికి పూసుకునే ఆ పౌడరును ఇంజన్ మీద చల్లేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. కాసేపు ఇంజన్ నడిపించి ఆపమంది. వంగి చూశాం. కింద చాంబరు పక్కన పౌడరు తెల్లగా అలాగే ఉంది. పైన టాపెట్ కవర్ వెనక మూల నుంచి మాత్రం సన్నగా నల్ల గీత దిగింది.

అత్త నట్లు వదులు చేసి కవర్ ఎత్తింది. లోపల బెండులా ఉండే కార్క్ ప్యాకింగ్ నలిగి బయటికి పొడుచుకొచ్చి, ఒకచోట చీలిపోయింది. కవర్ అంచు కూడా వంగింది.

"ఇంత బిగిస్తే ఇదెట్ల ఓర్సుకుంటదిరా? నీ కోపమంతా దీని మీద తీసినవ్" అంది.

"ఆడ ఏమైందో నీకేం తెల్సక్కా" అని నాయిన తువ్వాలు సంగతి చెప్పాడు. వింటుంటే అత్త ముఖం జేవురించింది. అయినా తమ్ముణ్ణి వదల్లేదు.

"వాడు నీ మీద పోసిండు. నువ్వు తెచ్చి బిడ్డ మీద పోసినవ్. నడుమల ఆపనీకి గాకపోతే నువ్వెందుకున్నవ్ మరి?"



దుకాణం నుంచి కార్క్ షీటు తెప్పించి, దాని మీద కవర్ బోర్లించి గీత గీసి కత్తిరించింది అత్త. వంగిన అంచును చెక్క మీద పెట్టి సుత్తితో నెమ్మదిగా సరిచేసింది. అన్నీ అమర్చాక పానా నా చేతికిచ్చింది. "చేతితోని తిరిగినంత తిప్పు బిడ్డా. ఇగ పానాతోని జెర, గంతే" అంది. మళ్లీ పౌడరు చల్లి ఇంజన్ నడిపాం. ఈసారి ఎక్కడా తడి కాలేదు.

అప్పుడు నాయిన నా ముందు కూర్చుని, "తప్పు నాదే బిడ్డా" అన్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను. అమ్మ నన్ను గదమాయించబోతే అత్త అడ్డుపడింది. "దాని కోపం పోయినప్పుడు మాట్లాడుతది. ఆగనీ" అంది.

సోమవారం నాయిన నన్ను కూడా ఎక్కించుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. మేనేజరు వంగి కారు కింద చూశాడు. ఒక్క చుక్క లేదు. బాగుందని గానీ, శనివారం జరిగిన దాని గురించి గానీ ఏమీ అనకుండా లోపలికి వెళ్లాడు. మా కారు అక్కడే మరికొన్నేళ్లు నడిచింది.  ఆ పొద్దున బడి దగ్గర దిగుతూ, రెండు రోజుల తరువాత మొదటిసారి నాయినతో మాట్లాడాను. "వాడు తప్పు నాదే అనలే గద నాయినా?" అన్నాను. "అనలే బిడ్డా" అన్నాడు నాయిన.

పెద్దయ్యాక టీచరునయ్యాను. పై అధికారులు నోటికొచ్చినట్టు మాట్లాడిన రోజులు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు క్లాసు బయట కాసేపు నిలబడి, కోపం తగ్గాకే లోపలికి వెళ్లేదాన్ని. ఆ మేనేజరును నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. అయితే రెండుసార్లు నేను కూడా ఆగలేకపోయాను. ఒకసారి ఒక పిల్లవాడి మీద, ఇంకోసారి ఒక అమ్మాయి మీద చెయ్యి చేసుకున్నాను. రెండుసార్లూ మర్నాడే వాళ్ల దగ్గరికి వెళ్లి, క్లాసు మొత్తం వింటుండగా తప్పు నాదేనని చెప్పాను. పిల్లవాడు వెంటనే నవ్వేశాడు. ఆ అమ్మాయి మాత్రం నెల రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఆగాను.